కెప్టెన్ కుర్చీ ఎవరిది?

1979 ఆగస్టు 10. పొద్దున ఎనిమిది కావస్తోంది. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ నడుమ పరుచుకున్న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 నిలబడి ఉంది. ఎత్తు 23 మీటర్లు, బరువు 17 టన్నులు. సొంత రాకెట్‌తో సొంత ఉపగ్రహాన్ని పైకి పంపాలని మన దేశం చేస్తున్న మొదటి ప్రయత్నం అది. ఇంకా 40 సెకన్లు ఉందనగా కంప్యూటర్ లెక్కింపు ఆపేసింది. రెండో అంచె కంట్రోల్ వ్యవస్థలో ఎక్కడో లీకేజీ ఉందని దాని గోల. మిషన్ డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం తన వెనకున్న నిపుణుల వైపు తిరిగారు. లెక్కలు చూసుకున్నాం, లీకైనా సరిపడా నిల్వ ఉంది, ఫర్వాలేదన్నారు వాళ్లు. కలాం కంప్యూటర్‌ను పక్కన పెట్టి రాకెట్‌ను వదిలేశారు. మొదటి అంచె చక్కగా మండింది. రెండో అంచె అదుపు తప్పింది. 317 సెకన్లకు మొత్తం వెళ్లి 560 కిలోమీటర్ల అవతల సముద్రంలో పడింది.

ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని మాట పడింది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాంనే ముందుకు తోశారు. ఈ కథను కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. విన్నవాళ్లంతా నాయకుడంటే ధావన్‌లా ఉండాలని తలలూపారు. నాకు మాత్రం ఆ విలేకరుల సమావేశం కన్నా దానికి ముందటి 40 సెకన్ల మీదే మనసు. ఒక గది. ఒక్కొక్కరి ముందు ఒక్కో ప్యానెల్. ఒకరికి ఇంధనం సంగతి తెలుసు, ఒకరికి దిశ సంగతి తెలుసు, అన్నీ తెలిసినవాడు ఎవడూ లేడు. అయినా ఎవరో ఒకరు ‘వెళ్దాం’ అనాలి. ఆ మాట ఎవరిది? దానికి తక్కినవాళ్ల వంతెంత?

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో కొందరు కుర్రాళ్లు ఇదే గదిని భోజనాల బల్ల మీదకి ఎలా తేవాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్ల ముందున్నది నిజం రాకెట్ కాదు, టీవీలో చూసిన అంతరిక్ష నౌక. టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఆధారంగా వచ్చిన రోల్‌ప్లేయింగ్ ఆటల కథ అదే. నా లెక్కలో ఆ కథంతా ఒక్క చిక్కు చుట్టూ తిరిగింది: సీరియల్‌కి ఒక్కడే హీరో, బల్ల చుట్టూ మాత్రం అయిదుగురు.

ముందు ఆట సంగతి. నలుగురైదుగురు కూర్చుంటారు. బోర్డు ఉన్నా సరే, లేకున్నా సరే. ఒకరు గేమ్ మాస్టర్. లోకం, వాతావరణం, శత్రువు, దారినపోయే దానయ్య అన్నీ ఆ మనిషే. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. గేమ్ మాస్టర్ ఒక పరిస్థితి చెబుతారు, తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లు నోటితో చెబుతారు, ఆ పని ఫలిస్తుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. బుర్రకథలో వంతలు అడ్డుప్రశ్నలు వేస్తారు గానీ బొబ్బిలి ఎవరి పాలవుతుందో మార్చలేరు. ఇక్కడ వంతలే కథను ఎటు కావాలంటే అటు లాక్కుపోతారు. గెలుపూ ఓటమీ ఉండవు. ఆట వచ్చే ఆదివారానికి మిగిలి ఉంటే అదే గెలుపు.

ఇది ఒకడు కూర్చుని కనిపెట్టిన ఆట కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రష్యా సైన్యం అధికారులకు యుద్ధం నేర్పడానికి పటాల మీద ఆట ఆడించేది. తగవు తీర్చడానికి మధ్యవర్తి ఉండేవాడు. అమెరికన్ సైనికాధికారి చార్లెస్ టాటెన్ 1880లో అలాంటి నియమాల పుస్తకమే ఒకటి రాశాడు. ఆటగాడు ఏ పని చేస్తానన్నా చెయ్యనివ్వచ్చు, ఫలితం మధ్యవర్తి చూసుకుంటాడు అన్న సంగతి అందులో ఉంది. ఆ పుస్తకం దుమ్ము దులిపి తీసినవాడు మిన్నెసోటాకు చెందిన డేవిడ్ వెస్లీ. 1969లో అతను నెపోలియన్ కాలపు ఒక ఊహా పట్టణాన్ని తయారుచేసి దానికి బ్రౌన్‌స్టైన్ అని పేరు పెట్టాడు. పట్టణం బయట రెండు సైన్యాలు. ఆడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం ఇద్దరి కన్నా ఎక్కువ. మిగిలినవాళ్లను ఊరికే కూర్చోబెట్టలేక ఒకరిని మేయర్ అన్నాడు, ఒకరిని బ్యాంకర్ అన్నాడు, ఒకరిని విశ్వవిద్యాలయం పెద్ద అన్నాడు.

ఇక చూడండి గొడవ. ఎవరూ సైన్యాలను పట్టించుకోలేదు. మూలమూలకి వెళ్లి గుసగుసలు, బేరాలు, కుట్రలు. ఇద్దరు ఆటగాళ్లు ద్వంద్వయుద్ధం చేస్తామని వెస్లీ ముందుకొచ్చి నిలబడ్డారు. దానికి అతని దగ్గర నియమాలే లేవు, అప్పటికప్పుడు ఏదో కల్పించాడు. అసలు యుద్ధం మొదలుకాకుండానే రాత్రి గడిచిపోయింది. ఆట చెడిపోయిందని వెస్లీ దిగులుపడితే, మళ్లీ ఎప్పుడని అడిగారు ఆడినవాళ్లు. తన బలగాన్ని కదపడం కన్నా తానే ఒక మనిషిగా మారడంలో మజా ఎక్కువని ఆ రాత్రి బయటపడింది. పుట్టుక తేదీ ఒకటి చెప్పమంటే నేనైతే ఈ రాత్రినే చెబుతాను.

ఆ బృందంలోనివాడే డేవ్ ఆర్నెసన్. అతను 1971లో బ్లాక్‌మూర్ అనే మాంత్రిక లోకాన్ని అల్లాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊళ్లో ఉండే గ్యారీ గైగాక్స్ అతనితో కలిసి దాన్ని నియమాలుగా రాశాడు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలు పెట్టిన ఒక పెట్టె పది డాలర్లకు అమ్మకానికొచ్చింది. మొదట అచ్చువేసినవి వెయ్యి. అదే డంజియన్స్ అండ్ డ్రాగన్స్. కత్తులూ మంత్రాలూ వచ్చాక రాకెట్లు రావడానికి ఎంతసేపు? 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్ వచ్చింది. పాత్ర తయారుచేసుకునే పద్ధతే అందులో ఒక ఆట: సైన్యంలోనో నౌకాదళంలోనో చేరి నాలుగేళ్లకోసారి పాచిక వేస్తూ ఉద్యోగ జీవితం గడపాలి. పాచిక ఎదురు తిరిగితే ఆట మొదలుకాకముందే మీ పాత్ర చచ్చిపోతుంది. క్రూరమే గానీ, పాత్రకు గతం ఉండాలన్న సంగతి అక్కడ గట్టిగా నాటుకుంది.

ఇక టీవీ. స్టార్ ట్రెక్ అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969లో ఆగిపోయింది. మొత్తం 79 భాగాలు. నడిచినంతకాలం పెద్దగా ఆదరణ లేని ఆ సీరియల్‌కి ఆగిపోయాక, పునఃప్రసారాల్లో, పిచ్చి అభిమానులు తయారయ్యారు. ఎంత పిచ్చంటే, నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కి వేరే పేరు పెట్టాలనుకుంటే ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి 1976లో దానికి సీరియల్లోని నౌక పేరు ఎంటర్‌ప్రైజ్ అని పెట్టించారు. మన దగ్గర 80ల్లో ఆదివారం పొద్దుపూట దూరదర్శన్‌లో ఆ సీరియల్ వచ్చింది. ఇంగ్లిష్ ముక్క అర్థంకాని పిల్లలకి కూడా స్పాక్ అనే పాత్ర చెవులూ, నౌక మధ్యలో ఉన్న కెప్టెన్ కుర్చీ గుర్తుండిపోయాయి.

ఆ కుర్చీయే చిక్కు. కెప్టెన్ కర్క్ నౌకలో మధ్యన కూర్చుంటాడు. చుట్టూ సులు, ఉహురా, చెకోవ్, స్కాటీ తలా ఒక పని చూస్తారు. నిర్ణయం కర్క్‌ది. కొత్త గ్రహం మీద దిగాల్సివస్తే అదీ కర్కే దిగుతాడు. నాలుగు వందల పైచిలుకు మంది ఉన్న నౌకలో అందరికన్నా విలువైన మనిషి ముందు వెళ్లి ప్రమాదంలో పడడం ఏ దళంలోనైనా తప్పే. సీరియల్‌కి హీరో కావాలి కాబట్టి చెల్లిపోయింది. 1971లో కాలిఫోర్నియాలో మైక్ మేఫీల్డ్ అనే స్కూలు కుర్రాడు యూనివర్సిటీ కంప్యూటర్ మీద స్టార్ ట్రెక్ ఆట ఒకటి రాశాడు. ఆడేది ఒక్కరే, వాడే కెప్టెన్, కాబట్టి చిక్కే రాలేదు. బల్ల దగ్గర అయిదుగురు కూర్చుంటేనే కదా తంటా.

సీరియల్ హక్కులు తీసుకుని వచ్చిన మొదటి స్టార్ ట్రెక్ రోల్‌ప్లేయింగ్ ఆట 1978 నాటిది. బొమ్మల సైనికులు తయారుచేసే హెరిటేజ్ మోడల్స్ కంపెనీ వేసిన చిన్న పుస్తకం. చిక్కుకు అది చూపిన దారి తేలికైనది: కర్క్‌నో స్పాక్‌నో మీరే తీసుకోండి, వాళ్లలాగే ఆడండి. కానీ కర్క్ ఏం చేస్తాడో అందరికీ ముందే తెలుసు. తెలిసిన మనిషిని అనుకరించడం మిమిక్రీ అవుతుంది గానీ ఆట కాదు. ఆ పుస్తకం ఎక్కువకాలం నిలవలేదు.

అసలు జవాబు ఇంకోవైపు నుంచి వచ్చింది. జోర్డాన్ వైస్‌మన్ అనే కుర్రాడు అమెరికా మర్చంట్ మెరైన్ అకాడమీలో చేరాడు. సరుకు ఓడలు నడిపే అధికారులను తయారుచేసే కళాశాల అది. అక్కడ ఓడ నడిపే గదిని, అంటే బ్రిడ్జ్‌ను అచ్చుగుద్దినట్టు దించిన సిమ్యులేటర్ ఉండేది. పిల్లలను అందులో నిలబెట్టి, అద్దాల అవతల ఉత్తుత్తి సముద్రాన్ని చూపించి, ఓడ నడపమనేవారు. ఒకరు చుక్కాని, ఒకరు రాడార్, ఒకరు ఇంజన్. దాన్ని చూసి వైస్‌మన్‌కి ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జ్ గుర్తొచ్చింది. కంప్యూటర్లు కలిపి అలాంటి గదొకటి కట్టి జనం చేత ఆడించాలని కలగన్నాడు. చేతిలో డబ్బు లేదు. ముందు కాగితం మీద ఆటలు వేసి డబ్బు కూడబెడదామని 1980లో షికాగోలో స్నేహితుడు రాస్ బాబ్‌కాక్‌తో కలిసి ఎఫ్‌ఏఎస్‌ఏ అనే కంపెనీ పెట్టాడు. ఫ్రీడోనియా అనే లేని దేశపు అంతరిక్ష సంస్థ అని దాని పూర్తి పేరు. మార్క్స్ బ్రదర్స్ హాస్యచిత్రంలోంచి తీసుకున్న వేళాకోళం.

మొదట్లో వాళ్లు ట్రావెలర్‌కి అనుబంధ కథలు వేసి నిలదొక్కుకున్నారు. 1982లో స్టార్ ట్రెక్ రోల్‌ప్లేయింగ్ గేమ్ వచ్చింది. నియమాలు రాసినవాళ్లు మెక్లిమోర్, పోలైన్, టెపూల్ అనే ముగ్గురు. వాళ్లు మొదట తెంపేసింది సీరియల్ పాత్రల ముడిని. కావాలంటే కర్క్‌నే తీసుకోవచ్చు, కానీ ఆట అందం మీ సొంత నౌక, మీ సొంత బృందంలో ఉందన్నారు. పాత్ర తయారీ ట్రావెలర్ దారిలోనే సాగుతుంది, చావు మాత్రం తీసేశారు. సీరియల్లోని అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్ అకాడమీలో చదువు, ఆ తర్వాత తన శాఖ చదువు, కేడెట్‌గా తొలి ప్రయాణం, తర్వాత ఏళ్ల తరబడి ఉద్యోగం. వీటన్నిటికీ పాచికలు వేసుకుంటూ పోతే అరగంటలో ఒక మనిషి తయారవుతాడు. కెప్టెన్ నలభై దాటినవాడు, చుక్కాని దగ్గరి పిల్లకి పాతికేళ్లు. వయసే కాగితం మీద కనబడుతుంది కాబట్టి ఆ పిల్ల కెప్టెన్‌తో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ పెట్టెలో మేలిమి వస్తువు నౌకల యుద్ధం నియమాలే. ఆటగాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కాగితపు ప్యానెల్ ఇచ్చారు. ఇంజనీర్ చేతిలో ఉన్నది శక్తి: ఇంజన్లు ఇచ్చే యూనిట్లు ఇన్ని, వాటిని కదలికకు ఎంత, ఆయుధాలకు ఎంత, కవచాలకు ఎంత అని పంచాలి. నావిగేటర్ కవచాలు చూస్తాడు. చుక్కాని దగ్గరి మనిషి నౌకను తిప్పుతాడు, గురిపెడతాడు. ఎవరి కాగితం వాళ్లకే బాగా తెలుసు. కెప్టెన్ పని అడగడం, వినడం, తేల్చి చెప్పడం. కెప్టెన్ ‘తిప్పు’ అంటే ఇంజనీర్ ‘శక్తి లేదు’ అంటాడు. ‘కవచాల్లోంచి తియ్యి’ అంటే నావిగేటర్ లబోదిబోమంటాడు. నియమాల పుస్తకంలో ఒక్క డైలాగ్ లేకుండానే బల్ల దగ్గర సీరియల్ సంభాషణలు పుట్టుకొస్తాయి.

శ్రీహరికోట సంగతి ముందు పెట్టింది అందుకే. సూళ్లూరుపేట వైపు వాళ్లకి ప్రయోగం అంటే నిప్పూ పొగా మాత్రమే కాదు, మైకులో వినబడే గొంతులు కూడా. 2019లో జనం కోసం గ్యాలరీ తెరిచాక ఆ గొంతులు ఇంకా దగ్గరయ్యాయి. ఒక్కో అంచె గురించి ఒక్కో గొంతు ‘నార్మల్’ అని చెబుతూ పోతుంది, మిషన్ డైరెక్టర్ అనుమతి ఇస్తారు, ఆపైన ఆటోమేటిక్ సీక్వెన్స్ కంప్యూటర్ చేతుల్లోకి వెళ్తుంది. ప్రయోగానికి ముందు ఇదంతా ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూసుకుంటారు కూడా, రిహార్సల్ అంటారు దాన్ని. ఆ గదికీ ఈ కాగితపు ప్యానెళ్లకీ మూలం ఒకటే: పని పంచితే గానీ పెద్ద యంత్రం కదలదు, పంచాక ఒకరు బాధ్యత తీసుకోక తప్పదు. వైస్‌మన్ దాన్ని ఓడ సిమ్యులేటర్‌లో చూశాడు, ఇస్రో వాళ్లు దెబ్బ తిని నేర్చుకున్నారు.

ఎఫ్‌ఏఎస్‌ఏ చేసిన ఇంకో పని ఆటలను దాటి వెళ్లింది. సీరియల్లో శత్రువులు క్లింగన్లు. 60ల నాటి భాగాల్లో వాళ్ల గురించి చూపించింది బహు తక్కువ: నల్లటి మొహాలు, మోసం, కోపం. ఆటలో మాత్రం ఎవరైనా నేను క్లింగన్‌గా ఆడతానంటే? వాళ్ల ఇల్లెలా ఉంటుంది, పిల్లలను ఎలా పెంచుతారు, దేన్ని పరువు అనుకుంటారు అన్నవి తెలియాలి. ఆ అనుబంధ పుస్తకం పని జాన్ ఎం. ఫోర్డ్ అనే రచయితకు చేరింది. 1983లో అతని పుస్తకం వచ్చింది, 1984లో అదే ఊహాలోకంతో ‘ది ఫైనల్ రిఫ్లెక్షన్’ అనే నవల వచ్చింది. అందులో క్లింగన్లకి తమ చదరంగం లాంటి ఆట ఉంది, బతికున్న మనుషులనే పావులుగా నిలబెట్టి ఆడే రకం కూడా ఉంది. కథానాయకుడు చిన్నప్పుడు అలాంటి పావుగా నిలబడినవాడే. శత్రువు ఇంట్లో కూర్చుని కథ చెప్పడం సీరియల్ రచయితలు ఇంకా తలపెట్టని రోజుల్లో, ఫోర్డ్ ఆ పని చేశాడు. 1987లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సీరియల్ ఫోర్డ్ ఊహను అధికారికంగా తీసుకోలేదు, క్లింగన్ల చరిత్ర వేరే దారి పట్టింది. అయినా ఆ పాత పుస్తకమే మాకు నిజం అనే ఆటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో వాదించి లాభం లేదు.

హక్కుల కథ మాత్రం అచ్చం అద్దె ఇంటి కథే, దాని మీద ఎక్కువసేపు ఉండను. 1989లో ఎఫ్‌ఏఎస్‌ఏ హక్కులు పోయాయి. అప్పటికే వాళ్లకు బ్యాటిల్‌టెక్ అనే సొంత లోకం ఉంది, కాబట్టి రోడ్డున పడలేదు. వైస్‌మన్ కలగన్న సిమ్యులేటర్ గది కూడా ఆ సొంత లోకంతోనే 1990లో షికాగోలో తెరుచుకుంది. స్టార్ ట్రెక్ 1998లో లాస్ట్ యూనికార్న్ చేతికి, 2002లో డెసిఫర్ చేతికి, 2017లో లండన్‌లోని మొడిఫియస్ చేతికి వెళ్లింది. ప్రతిసారీ కొత్త నియమాలు, కొత్త పుస్తకాలు, పాతవి పనికిరావు. కొనేవాడి జేబుకే చిల్లు.

బ్రిటన్‌లో చిక్కు ఇంకా ముదిరింది. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన డాక్టర్ హూలో డాక్టర్ అనే హీరోతో సమానమైనవాడు ఎవడూ లేడు. వందల ఏళ్ల వయసు, కాలంలో తిరిగే పెట్టె, తెలియని విషయం లేదు. అతని వెంట వచ్చేవాళ్లు మామూలు మనుషులు, అరవడం, పరుగెత్తడం వాళ్ల పని. ఒకరు డాక్టర్ అయితే మిగిలిన నలుగురూ దండగ. 1985లో ఎఫ్‌ఏఎస్‌ఏ తన పద్ధతిలో కత్తిరించి చూసింది: డాక్టర్‌ను వదిలెయ్యండి, అతని జాతికే చెందిన వేరే ఏజెంట్లుగా ఆడండి అని. సీరియల్ చూసి వచ్చినవాడికి అది రుచించే సంగతి కాదు.

2009లో క్యూబికల్ సెవెన్ సంస్థకు డేవిడ్ చాప్‌మన్ రాసిన డాక్టర్ హూ ఆట వేరేలా ఆలోచించింది. ఆటల్లో గొడవ మొదలైతే ముందు ఎవరి వంతు అన్నది సాధారణంగా చురుకుదనం మీద ఉంటుంది, చురుకైనవాడు ముందు కొడతాడు. చాప్‌మన్ దాన్ని తిరగేశాడు. ముందు మాట్లాడేవాళ్లు. తర్వాత కదిలేవాళ్లు, అంటే పరుగెత్తేవాళ్లు. ఆ తర్వాత ఏదైనా పనిచేసేవాళ్లు, తలుపు తెరవడం, వైరు పీకడం లాంటివి. అందరికన్నా చివర కొట్టేవాళ్లు. శత్రువు తుపాకీ ఎత్తినా సరే, మాట్లాడతానన్నవాడికే మొదటి అవకాశం. ఒక్క వరస మార్చడంతో సీరియల్ గుణమంతా నియమంలోకి దిగింది, వెంట వచ్చిన మామూలు మనిషికి డాక్టర్‌తో సమానంగా నోరు దొరికింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే. మన పంచాయితీల్లో కూడా పెట్టదగ్గది.

మధ్యలో ఆగిపోయిన సీరియళ్లకి ఈ ఆటలు ఇంకో రకంగా అక్కరకొచ్చాయి. ఫైర్‌ఫ్లై 2002లో 14 భాగాలు తీశారు, 11 ప్రసారమయ్యాక ఫాక్స్ ఛానల్ ఆపేసింది. 2005లో దాని మీద సెరినిటీ సినిమా వచ్చింది, అదే ఏడు ఆ పేరుతోనే మార్గరెట్ వైస్ సంస్థ ఆట వేసింది, 2014లో ఫైర్‌ఫ్లై పేరుతో ఇంకోటి వేసింది. పదిహేనో భాగం ఛానల్ తీయకపోతేనేం, బల్ల మీద ఎన్నయినా తీసుకోవచ్చు. పైగా అందులో నౌక చిన్నది, తొమ్మిది మంది, అప్పులు, ఇంధనం కొరత. అలాంటి చోట కెప్టెన్ మాటకు పెద్ద విలువ ఉండదు, అందరూ మాట్లాడేవాళ్లే. ఆటకి పుట్టిన సీరియల్.

మొడిఫియస్ స్టార్ ట్రెక్ దగ్గరికి వద్దాం. వాళ్ల పద్ధతిలో రెండు ఇరవై ముఖాల పాచికలు. మీ పాత్ర గుణమూ నేర్పూ కలిపిన అంకెకు సమానమో తక్కువో పడితే ఒక విజయం. పనికి ఒక్క విజయం చాలు అనుకుందాం, మీకు రెండు వచ్చాయి. మిగిలినది వృథా కాదు, మొమెంటమ్ అనే ఉమ్మడి కుప్పలోకి వెళ్తుంది. కుప్పలో ఆరు దాటి ఉండకూడదు. తర్వాత పాచిక వేసేవాడు దాంట్లోంచి తీసుకుని అదనపు పాచిక కొనుక్కోవచ్చు. వైద్యుడు రోగిని బాగా పరీక్షించిన మిగులుతో ఇంజనీర్ ఇంజన్ బాగుచేసుకుంటాడు. లోకంలో ఇది ఎలా సాధ్యమని తర్కం తీస్తే జవాబు లేదు, కానీ బల్ల దగ్గర పక్కవాడి పాచిక మీద కూడా మీ కళ్లు పడతాయి. కర్క్ దిగడం తప్పన్న పాత మాటకు కూడా ఇందులో మందు ఉంది. కెప్టెన్ నౌకలోనే ఉండిపోతే ఆ ఆటగాడు ఊరికే కూర్చోనక్కర్లేదు, అప్పటికప్పుడు ఒక చిన్న అధికారి పాత్రను సృష్టించుకుని గ్రహం మీద దిగిపోవచ్చు. తన కెప్టెన్ ఇచ్చిన ఆజ్ఞను తానే పాటిస్తూ తిట్టుకోవచ్చు.

సీరియల్లోంచి ఆట రావడం ఇంతవరకూ చూశాం. ది ఎక్స్‌పాన్స్ అనే సీరియల్ విషయంలో ప్రవాహం వెనక్కి తిరిగింది. టై ఫ్రాంక్ అనే ఆయన మొదట ఈ లోకాన్ని కంప్యూటర్ ఆట కోసం ఊహించాడు. అది జరగలేదు. ఆ నోట్సు పట్టుకుని స్నేహితులతో రాతలోనూ, బల్ల దగ్గరా రోల్‌ప్లేయింగ్ ఆట నడిపాడు. ఆడినవాళ్లలో నవలా రచయిత డేనియల్ ఏబ్రహం ఉన్నాడు. ఇంత సరంజామా ఉంచుకుని పుస్తకం రాయకపోతే ఎలా అన్నాడు. ఇద్దరూ కలిసి జేమ్స్ ఎస్. ఎ. కోరీ అనే ఒకే పేరుతో 2011లో ‘లెవయథన్ వేక్స్’ వేశారు. 2015లో టీవీ సీరియల్, 2019లో గ్రీన్ రోనిన్ సంస్థ నుంచి బల్ల మీద ఆట. మొదటి నవలలో నౌక వైద్యసహాయకుడు షెడ్ ఉన్నట్టుండి తల తెగి చస్తాడు. చదివినవాళ్లు అదిరిపోయారు, ఎంత ధైర్యమున్న రచయితలో అనుకున్నారు. సంగతేమంటే, ఆ పాత్ర ఆడుతున్న ఆయన ఆట మధ్యలో మానేశాడు.

ఇవన్నీ ఖరీదైన పుస్తకాలు, వందల పేజీలు. వద్దనుకుంటే 2013లో జాన్ హార్పర్ ఒక్క పేజీలో రాసి ఉచితంగా ఇచ్చిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఉంది. ఏ సీరియల్ హక్కులూ కొనలేదు, కానీ చదివిన ప్రతివాడికీ స్టార్ ట్రెక్కే కనబడుతుంది. ముప్పై అయిదేళ్లుగా అందరినీ ఏడిపించిన కుర్చీ చిక్కును హార్పర్ ఒక్క వాక్యంలో తెగ్గొట్టాడు: కెప్టెన్ స్పృహలో లేడు. ఏదో వింత శక్తి ఆవహించి పడిపోయాడు, నౌక మీ చేతుల్లో ఉంది, కానివ్వండి. అంతే. ప్యానెళ్లు లేవు, వయసులు లేవు, కుప్ప లేదు.

పాత్రకు ఉండేది ఒకే ఒక్క అంకె, రెండు నుంచి అయిదు లోపల. అంకె ఎక్కువైతే యంత్రాలూ తర్కమూ వచ్చినవాడు, తక్కువైతే మనుషుల మనసు తెలిసినవాడు. లూడో పెట్టెలోని మామూలు పాచిక చాలు. సిద్ధపడి చేసే పనికి ఇంకోటి, నేర్పున్న పనికి మరోటి కలుపుకోవచ్చు. మీ అంకె నాలుగు అనుకుందాం. పగిలిన ఇంజన్ అతకాలంటే నాలుగు కన్నా తక్కువ పడాలి. గ్రహాంతరవాసిని ఒప్పించాలంటే నాలుగు కన్నా ఎక్కువ పడాలి. ఒక వైపు గట్టిపడితే రెండో వైపు మెత్తబడక తప్పదు, కాబట్టి బల్ల దగ్గర అన్నీ తానే అయిన మనిషి పుట్టడానికి వీల్లేదు. క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చాడు కాబట్టి లోకమంతా దీన్ని తలా ఒక రకంగా మార్చుకుని ఆడుతోంది. తెలుగులో పెట్టుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు, సరుకు కూడా మన దగ్గరే ఉంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో టైమ్ మెషిన్‌ను రాయల కాలానికీ, 2504కీ పంపారు. అక్కడ హీరో బాలకృష్ణ. యంత్రం నడిపే హీరోను మూర్ఛలో పడేసి, మిగిలిన నలుగురినీ విజయనగరం వీధిలో దింపి చూడండి.

అన్నట్టు ఇంకొక నియమం ఉంది. పాచిక మీద సరిగ్గా మీ అంకే పడితే, అదే నాలుగు, పని ఎలాగూ అవుతుంది, దాంతోపాటు గేమ్ మాస్టర్‌ను ఒక ప్రశ్న అడగొచ్చు. వీళ్లు మన దగ్గర ఏం దాస్తున్నారు, ఈ తలుపు అవతల ఎవరున్నారు, ఏదైనా సరే. గేమ్ మాస్టర్ నిజమే చెప్పాలి. జవాబు విన్నాక చేద్దామనుకున్న పని మానేసి ఇంకోటి చేస్తానని అన్నా కుదురుతుంది, మళ్లీ పాచిక వెయ్యాలంతే.